బోరు వేయించే ముందు: తెలియనిదాన్ని లెక్కలో పెట్టుకుని నిర్ణయించుకునే పద్ధతి

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట చుట్టుపక్కల, సేద్యం చేసే కుటుంబానికి పెళ్లి ఖర్చు తర్వాత అతి పెద్ద ఖర్చు బోరే. పెళ్లికైతే ఎంత ఖర్చయినా చివరికి పెళ్లి జరుగుతుంది. బోరుకు ఆ పూచీ లేదు. నల్లరాతి నేల కింద, రాతి పగుళ్లలో ఎక్కడో ఉన్న నీటి కోసం 6 అంగుళాల గుంత తొలుస్తాం. నీళ్లున్నాయో లేదో తెలిసేది డబ్బు ఖర్చయ్యాకే.

ఇటువంటి నిర్ణయాల గురించి అర్థశాస్త్రం దాదాపు 300 ఏళ్లుగా ఆలోచిస్తూనే ఉంది. ఆ ఆలోచనలోని పనికొచ్చే భాగాన్ని ఒకే ఒక్క బోరు గుంతకు వర్తింపజేసి, ఒక్కొక్క మెట్టుగా చూపడం ఈ మార్గదర్శి ఉద్దేశం. ఇందులో రూపాయల అంకెలన్నీ లెక్క చూపడం కోసం వేసుకున్నవే. మీ ఊరి ధరలను, మీ చేతిలో ఉన్న డబ్బును వాటి స్థానంలో పెట్టుకుని మళ్లీ లెక్క వేసుకోవాలి. కాగితం, పెన్ను, ఫోనులోని క్యాలిక్యులేటరు ఉంటే చాలు.

ముందుగా ఒక రాత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే కింద రాసిన ప్రతి మెట్టూ ఆ రాత్రి జరగనిదే. 2002 కరువు తర్వాతి వేసవిలో మా చిన్నాయన తన చేనులో మూడో బోరు వేయించాడు. 500 అడుగులకు మించకూడదని పగలంతా అందరికీ చెప్పాడు. బోరు బండి వచ్చేసరికి రాత్రి అయింది. ఒక్కో రాడ్డు 20 అడుగులు కాబట్టి, రాడ్డు దిగినప్పుడల్లా ఒక గులకరాయి గట్టు మీద పెట్టే పని నాకు అప్పగించారు. 25 రాళ్లు పూర్తయ్యేసరికి గుంతలోంచి తెల్లటి పిండి తప్ప ఏమీ రాలేదు. ఆ పిండి చిన్నమ్మ చీర మీద, చుట్టూ నిలబడ్డవాళ్ల కనురెప్పల మీద పేరుకుంది. బండి తెచ్చిన ఏజెంటు ఒక గుప్పెడు పిండి తీసి టార్చిలైటు కింద నలిపి, "అన్నా, రాయి మారింది, ఇంకొక ఐదు రాడ్లు దించితే గంగమ్మ పైకొస్తుంది" అన్నాడు. ఆ ఐదు అయ్యాక మరో ఐదు, ఆ తర్వాత మరో ఐదు. తెల్లారేసరికి గట్టు మీద 41 రాళ్లున్నాయి. ఆ వారంలోనే రెండు పాడి ఆవులు సంతకు పోయాయి. చిన్నాయన తెలివితక్కువవాడు కాదు; లెక్క వేయాల్సిన వేళ దాటిపోయాక లెక్క వేయడానికి కూర్చున్నాడు, అంతే.

మొదటి మెట్టు: "వేయాలా వద్దా" అన్న ప్రశ్నను పక్కన పెట్టండి

వేయాలా వద్దా అని అడిగినంత సేపు మనసు వేయడం వైపే మొగ్గుతుంది, ఎందుకంటే "వద్దు" అన్నది చేతులు ముడుచుకు కూర్చోవడంలా తోస్తుంది. నిజానికి ఎదురుగా ఉన్న దారులు రెండు కావు. ఉన్న పాత బోరు నీళ్లతో రెండెకరాలకు బదులు ఒక్క ఎకరాకు డ్రిప్పు పెట్టుకోవచ్చు. పక్క చేనువాళ్ల దగ్గర కాపుకింతని నీళ్లు కొనుక్కోవచ్చు. అన్నదమ్ములు ముగ్గురు కలిసి ఒకే బోరు వేయించి వంతులు పెట్టుకోవచ్చు. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన ధరణి వంటి వేరుశనగ రకాన్ని వానాధారంగా వేసి, పాడి మీద నిలబడవచ్చు. ఏడాది ఆగవచ్చు. వీటన్నిటినీ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కోదానికి ఎదురుగా రెండే రెండు విషయాలు రాయండి: అన్నీ కలిసివస్తే ఏమవుతుంది, ఏదీ కలిసిరాకపోతే ఏమవుతుంది. కాగితం మీద పెట్టిన తర్వాత కొన్ని దారులు వాటంతట అవే రాలిపోతాయి. ఉమ్మడి బోరు అన్నదమ్ముల మధ్య మాటలుంటేనే పనికొస్తుందని నేను వేరే చెప్పనక్కరలేదు.

రెండో మెట్టు: లెక్కకు అందేదాన్నీ అందనిదాన్నీ వేరు చేయండి

1921లో అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ ఒక తేడా చూపించాడు. ఫలితం తెలియకపోయినా దాని అవకాశం ఎంతో చెప్పగలిగితే అది రిస్కు. అవకాశం ఎంతో కూడా చెప్పలేకపోతే అది అనిశ్చితి. బోరు విషయంలో ఈ రెండూ కలగలిసి ఉంటాయి. చుట్టుపక్కల ఎన్ని బోర్లు వేస్తే ఎన్నింటిలో నీళ్లు పడ్డాయో లెక్కపెట్టవచ్చు, కాబట్టి నీళ్లు పడే అవకాశం చాలావరకు రిస్కు. కానీ మూడేళ్ల తర్వాత టమాటా ధర ఎంతుంటుందో, పై చేనువాళ్లు మీకంటే లోతుగా బోరు దించుతారో లేదో, హంద్రీ-నీవా కాలువ నీళ్లు మీ ఊరి చెరువుకు ఏ ఏడు చేరతాయో, వీటికి నూటికి ఇంత అని అంకె వేయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

లెక్కకు అందనిదాని దగ్గర ఒక్క అంకెకు బదులు మూడు రాసుకోవాలి: మంచి ఏడు, నడిమి ఏడు, చెడ్డ ఏడు. ఉదాహరణకు కొత్త నీళ్లతో రెండెకరాల టమాటా వేస్తే అన్ని ఖర్చులూ పోను మంచి ఏట 3 లక్షల 60 వేలు మిగులుతుందని, నడిమి ఏట లక్ష మిగులుతుందని, చెడ్డ ఏట నారు, కట్టెలు, మందులు, కూలీలు కలిపి లక్ష చేతినుంచి పోతుందని అనుకుందాం. మూడింటినీ సమానంగా చూస్తే ఏడాదికి సగటు లక్షా 20 వేలు. చెడ్డ ఏడు రాసుకోవడానికి మన రైతులకు చేయి రాదు. మదనపల్లె మార్కెట్టులో 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటిన ధర అందరికీ గుర్తుంది. కోత కూలి కూడా రాదని కాయను చేనులోనే వదిలేసిన ఏళ్లు గుర్తుండవు. పైగా ధర పెరిగిన ఏడు చూసి అందరూ అదే పంట వేస్తారు, సరుకు ఒక్కసారిగా మండీల మీద పడి ధర కూలుతుంది, అప్పుడు అందరూ మానేస్తారు, మళ్లీ ధర లేస్తుంది. ఈ చక్రానికి 1934లో నికోలస్ కాల్డోర్ అనే ఆర్థికవేత్త సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. అందువల్ల నిరుటి ధరను ఎప్పుడూ నడిమి గడిలో రాయకండి.

మూడో మెట్టు: నేల గీత గీయండి

సగటులు, అవకాశాలు చూడకముందే, ఏ అంకె కిందికి కుటుంబం దిగకూడదో తేల్చుకోవాలి. మన ఉదాహరణలో కుటుంబం దగ్గర రొక్కం 2 లక్షలు, పాడి ఆవుల విలువ లక్ష, మొత్తం 3 లక్షలు ఉన్నాయనుకుందాం. ఇంటి తిండి, పిల్లల ఫీజులు, వచ్చే కారుకు విత్తనం, ఎరువు కలిపి కనీసం 60 వేలు చేతిలో ఉండాలి. ఆవులు రోజూ పాలడబ్బు తెచ్చేవి కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. అంటే ఎండు గుంతకు పోగొట్టుకోగలిగిన గరిష్ఠ మొత్తం లక్షా 40 వేలు. నీళ్లు పడితే మోటారుకు కావలసిన డబ్బు ఎలాగో పుడుతుంది. ఎండు గుంతను చూపిస్తే ఎవరూ అప్పివ్వరు. అందుకే గీతను విఫలమైన బోరును దృష్టిలో పెట్టుకునే గీయాలి.

ఈ మెట్టును ఇంత ముందుగా పెట్టడానికి కారణముంది. సగటు లెక్క అనేది ఒకే ఆటను చాలాసార్లు ఆడగలిగినవాడికి పనికొస్తుంది. ఏడాదికి 200 బోర్లు తొలిచే బండి యజమానికి సగటే నిజం. మూడు బోర్లతో బతుకు తేలిపోయే కుటుంబానికి సగటు చేతికందకముందే ఆట ముగిసిపోతుంది.

నాలుగో మెట్టు: గిట్టుబాటు అవకాశం కనిపెట్టండి

నీళ్లు పడే అవకాశం ఎంత అని ముందే తల బద్దలు కొట్టుకోవద్దు. అవకాశం ఎంతుంటే బోరు గిట్టుబాటు అవుతుందన్న ప్రశ్న సులువైనది, దాన్ని ముందు అడగాలి.

600 అడుగులకు కేసింగు పైపుతో సహా లక్ష రూపాయలు, నీళ్లు పడితే మోటారు, కేబులు, పైపులకు 90 వేలు అనుకుందాం. బోరు ఐదేళ్లు నీళ్లిస్తుందని, ఏడాదికి సగటున లక్షా 20 వేలు మిగులుతుందని వేసుకుంటే మొత్తం 6 లక్షలు. కానీ ఐదో ఏట వచ్చే రూపాయి ఈనాటి రూపాయి కాదు. రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి నూటికి 12 చొప్పున తగ్గించి చూస్తే ఆ 6 లక్షల నేటి విలువ సుమారు 4 లక్షల 33 వేలు. అందులోంచి బోరుకు, మోటారుకు అయ్యే లక్షా 90 వేలు తీసేస్తే, నీళ్లు పడితే లాభం 2 లక్షల 43 వేలు. పడకపోతే నష్టం లక్ష. ఈ రెండింటి మధ్య దూరం 3 లక్షల 43 వేలు. లక్షను దానితో భాగిస్తే 29 శాతం. నూటికి 29 కంటే ఎక్కువ అవకాశం ఉంటేనే బోరు సగటున గిట్టుతుందన్న మాట.

ఇప్పుడు అదే డబ్బు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. ఏడాదికి నూటికి 24 చొప్పున చూస్తే 6 లక్షల నేటి విలువ 3 లక్షల 29 వేలకు పడిపోతుంది, నీళ్లు పడితే లాభం లక్షా 39 వేలే, గిట్టుబాటు అవకాశం 42 శాతానికి ఎగబాకుతుంది. రాయి అదే, నీళ్లు అవే, చేను అదే. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ఒక్క తేడాతో వేయదగిన బోరు వేయకూడని బోరు అయింది. నాకు తెలిసి బోరు గురించి జరిగే చర్చల్లో అందరూ ఏ పాయింటు (బోరు దించే చోటు) మంచిదో మాట్లాడతారు, వడ్డీ గురించి ఒక్కరూ మాట్లాడరు.

ఐదో మెట్టు: ఊరి బోర్లను లెక్కపెట్టండి

ఒక పూట వెచ్చించి, మీ చేనుకు కిలోమీటరు లోపల గడిచిన మూడు నాలుగేళ్లలో వేసిన ప్రతి బోరునూ రాసుకోండి: ఎన్ని అడుగులు, నీళ్లు ఎన్ని అంగుళాలు పడ్డాయి, ఏ లోతులో పడ్డాయి, ఇప్పటికీ నడుస్తోందా. ఈ పని వినడానికి తేలికగా ఉంటుంది, చేయడానికి అంత తేలిక కాదు, ఎందుకంటే పడిన బోరు గురించి ఊరంతా చెబుతుంది, పడని బోరు గురించి దాని యజమాని కూడా చెప్పడు. గట్ల మీద మూత వేసిన గుంతలు కనిపిస్తే అడిగి తెలుసుకోవాలి. నీళ్లు పడి రెండేళ్లలో ఎండిపోయిన బోరును సగం విఫలమైనదిగానే రాయాలి.

ఉదాహరణకు 11 బోర్లలో 4 పడ్డాయనుకుందాం: 36 శాతం. ఇదే మీ మొదటి అంచనా. రూపాయి వడ్డీ లెక్కన గిట్టుబాటు గీత 29 కంటే ఇది పైన ఉంది, రెండు రూపాయల వడ్డీ గీత 42 కంటే కింద ఉంది.

ఇక్కడ ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. రెండు బోర్లు పోయాయి కాబట్టి మూడోది పడి తీరాలని చాలామంది నమ్ముతారు. భూమి మనకేమీ బాకీ లేదు. పైగా మీ చేనులోనే రెండు విఫలమైతే, మీ చేను కింది రాతిలో పగుళ్లు తక్కువన్న సమాచారం మీకు అందినట్టే. కాబట్టి మూడోదాని అవకాశం 36 కంటే తగ్గాలి గాని పెరగకూడదు.

ఆరో మెట్టు: పాయింటు పెట్టేవారి మాటకు విలువ కట్టండి

టెంకాయ అరచేతిలో పెట్టుకుని నడిచేవారు, వేపపుల్ల పట్టుకునేవారు, విద్యుత్ పరికరాలతో భూమి నిరోధాన్ని కొలిచే జియాలజిస్టులు, ఎవరి మాటనైనా ఒకే తూనికతో తూచవచ్చు. ఆ తూనికను చెప్పింది 18వ శతాబ్దపు ఇంగ్లండు మతబోధకుడు థామస్ బేయిస్. ఆయన వ్యాసం ఆయన పోయాక 1763లో అచ్చయింది. అడగవలసినవి రెండు ప్రశ్నలు. నీళ్లున్న చోట్లలో ఎన్నింటిని ఆ పాయింటు పెట్టే ఆయన "ఉంది" అన్నాడు? నీళ్లు లేని చోట్లలో ఎన్నింటిని ఆయన "ఉంది" అన్నాడు?

సర్వే చేసే ఒకాయన నీళ్లున్న చోట్ల నూటికి 75 సార్లు, లేని చోట్ల నూటికి 40 సార్లు "ఉంది" అంటాడనుకుందాం. మీ ప్రాంతంలో 100 చోట్లు తీసుకుంటే 36 చోట్ల నీళ్లుంటాయి, వాటిలో 27 చోట్ల ఆయన "ఉంది" అంటాడు. నీళ్లు లేని 64 చోట్లలో సుమారు 26 చోట్ల కూడా "ఉంది" అనే అంటాడు. మొత్తం 53 సార్లు "ఉంది" అన్నాడు, అందులో నిజమైనవి 27. అంటే ఆయన "ఉంది" అంటే మీ అంచనా 36 నుంచి 51 శాతానికి పెరగాలి. ఆయన "లేదు" అన్న 47 చోట్లలో 9 చోట్లే నీళ్లుంటాయి. అంచనా 19 శాతానికి దిగాలి. ఒక వైపు పైకి, ఒక వైపు గీత కిందికి పోయింది కాబట్టి ఈ సర్వే మీ నిర్ణయాన్ని మార్చగలదు. నిర్ణయాన్ని మార్చగలిగేదే సమాచారం.

దాని విలువ కూడా కట్టవచ్చు. సర్వే లేకుండా రూపాయి వడ్డీ లెక్కన బోరు వేస్తే సగటు లాభం 23 వేలు. సర్వే చేయించి, "ఉంది" అన్నప్పుడే వేస్తే సగటు లాభం సుమారు 39 వేలు. తేడా 16 వేలు. ఇలాంటి సర్వేకు అంతకంటే తక్కువ ఎంత ఇచ్చినా నష్టం లేదు. అంతకు మించి అడిగితే దండం పెట్టి పంపించాలి.

ఇక ఏ చేనుకు పోయినా పాయింటు దొరికే మనిషి ఉంటాడు. నీళ్లున్న చోటా నూటికి నూరు "ఉంది", లేని చోటా నూటికి నూరు "ఉంది". ఆయన వచ్చి వెళ్లాక మీ అంచనా 36 నుంచి 36కే మారుతుంది. ఆయన చేతిలో ఉన్నది టెంకాయా, జర్మనీ యంత్రమా అన్నదానితో పని లేదు. కాబట్టి ఆయన పాయింటు పెట్టగా పడిన బోర్ల పేర్లు అడగకండి, ఆయన వద్దన్న చేలు ఎన్నో అడగండి.

ఏడో మెట్టు: బోరు ఖర్చు మీకున్నదాంట్లో ఎన్నో వంతో చూడండి

సగటు లాభం 23 వేలు కనిపిస్తున్నప్పుడు సర్వే లేకున్నా వేసేయవచ్చు కదా అన్న అనుమానం రావాలి. దీనికి జవాబు 1738లో స్విట్జర్లండు గణితవేత్త డేనియల్ బెర్నూలీ ఇచ్చాడు: రూపాయి విలువ అది ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఆయన దాన్ని లాగరిథం లెక్కలో పెట్టాడు. ఫోనును అడ్డంగా తిప్పితే చాలా క్యాలిక్యులేటర్లలో ఆ మీట కనిపిస్తుంది.

3 లక్షలున్న మన కుటుంబానికి నీళ్లు పడితే 5 లక్షల 43 వేలు అవుతుంది, పడకపోతే 2 లక్షలు. 36 శాతం అవకాశంతో రెండింటి లాగరిథంలకు సగటు తీసి, తిరిగి రూపాయల్లోకి మారిస్తే 2 లక్షల 86 వేలు వస్తుంది. చేతిలో ఉన్న 3 లక్షల కంటే తక్కువ! సగటు లాభం ఉన్న బోరే, ఈ కుటుంబానికి సుమారు 14 వేల నష్టంతో సమానం. అదే బోరును 15 లక్షలున్న పక్క చేను ఆసామి వేస్తే, అదే 36 శాతంతో, లెక్క 15 లక్షల 15 వేలకు తేలుతుంది. ఆయనకు లాభం. ఇద్దరూ లెక్క సరిగ్గానే వేశారు, ఇద్దరికీ సరైన జవాబు వేరు. సర్వే "ఉంది" అని అవకాశం 51కి పెరిగాక మాత్రం 3 లక్షల కుటుంబానికి కూడా 3 లక్షల 33 వేలు తేలుతుంది, అప్పుడు వేయవచ్చు.

చిన్న రైతు ధైర్యం చాలక వెనకాడతాడని పట్నంలో కూర్చుని అనేవాళ్లున్నారు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అధ్యయనంలో భాగంగా హాన్స్ బిన్స్‌వాంగర్ మన దేశపు పల్లెల్లో రైతుల చేత నిజమైన డబ్బుతో పందేలు ఆడించి చూశాడు. 1980లో అచ్చయిన ఆ ఫలితాల్లో తేలింది ఏమిటంటే, పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తపరులే అవుతారు, ఆస్తి ఉండటం లేకపోవడం వారి స్వభావాన్ని పెద్దగా మార్చదు. తేడా గుండెలో లేదు, చేతిలో ఉన్న డబ్బులో ఉంది.

ఎనిమిదో మెట్టు: ఆగడానికీ ఒక ధర ఉంది, దాన్నీ రాయండి

బోరు గుంతను వెనక్కి అమ్ముకోలేం. వెనక్కి తీసుకోలేని ఖర్చుకు ముందు ఆగగలగడమే ఒక ఆస్తి. ఆగితే పోయేది ఒక ఏటి సగటు ఆదాయం. వచ్చేది కొత్త సమాచారం, అంటే ఈ ఏడు పక్కవాళ్లు వేసే బోర్ల ఫలితం, చెరువులోకి కాలువ నీరు వచ్చిందా లేదా, మీ చేతిలో అప్పు లేకుండా పోగయ్యే మరికొంత డబ్బు. రెండు రూపాయల వడ్డీ డబ్బుతో తొందరపడేవాళ్లు ఒక ఏడు ఆగి పాలడబ్బు కూడబెడితే గిట్టుబాటు గీత 42 నుంచి కిందికి దిగుతుందని పైన చూశాం.

నెల కూడా ముఖ్యం. మన జిల్లాకు నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాలూ వానలిస్తాయి; 2021 నవంబరులో పడ్డ వానలకు చెరువులు తెగి ఊళ్లే మునిగాయి. అటువంటి వానల తర్వాత వేసిన బోరులో పడిన రెండంగుళాల నీళ్లు భూమి పైపొర నీళ్లు కావచ్చు, మే నెల వచ్చేసరికి ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో పడిన అంగుళం నీళ్లు ఎక్కువ నిజం చెబుతాయి. అంచనా వేసే వేళ వేసవి బోర్లనూ వానల తర్వాతి బోర్లనూ ఒకే గాటన కట్టకూడదు.

తొమ్మిదో మెట్టు: బండి రాకముందే ఆపే లోతు రాసిపెట్టండి

ఈ మెట్టు మీద నేను ఎక్కువ సేపు నిలబడతాను, మా చిన్నాయన కాలు జారింది ఇక్కడే కాబట్టి.

"ఖర్చయిన డబ్బు ఖర్చయిపోయింది, దాన్ని తలచుకుని ముందుకు పోకూడదు" అన్న సూత్రం పుస్తకాల్లో ఉంటుంది. సూత్రం సరైనదే కానీ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అదే సూత్రాన్ని ఏజెంటు కూడా వాడుకుంటాడు. 600 అడుగులు పొడిగా దిగాయనుకోండి. పోయిన లక్ష పోయింది. తర్వాతి 100 అడుగులకు 25 వేలు. నీళ్లు పడితే, మోటారు ఖర్చు పోను, వచ్చే విలువ 3 లక్షల 43 వేలు. 25 వేలను దానితో భాగిస్తే 7 శాతం. నూటికి 7 అవకాశం ఉన్నా దించాల్సిందే అని సగటు లెక్క చెబుతుంది! ప్రతి 100 అడుగుల దగ్గరా ఇదే కథ: ముందున్న ఖర్చు చిన్నది, కనిపించే ఫలం పెద్దది. 41 రాళ్లు అలాగే పేరుకున్నాయి.

బెర్నూలీ లెక్కతో చూడండి. 600 దగ్గర చేతిలో, ఆవుల విలువతో కలిపి, 2 లక్షలున్నాయి. 25 వేలు పెట్టి 700కు దించడానికి కావలసిన అవకాశం 12 శాతం. 800కు మరో 30 వేలు అయితే కావలసింది 15 శాతం. 900కు ఇంకో 40 వేలు అయితే 22 శాతం. చేతిలో డబ్బు తరిగి, అడుగు ధర పెరిగేకొద్దీ కావలసిన అవకాశం పైకి పోతుంది. లోతుకు పోయేకొద్దీ మన వైపు గట్టి రాతిలో పగుళ్లు తగ్గుతాయి కాబట్టి ఉన్న అవకాశం కిందికి పోతుంది. పడినా పెద్ద మోటారు, ఎక్కువ పైపు కావాలి, వచ్చే విలువ కూడా 3 లక్షల 43 వేలు ఉండదు. ఈ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటే చోటే ఆగాల్సిన లోతు. ఐదో మెట్టులో మీరు రాసుకున్న ఊరి బోర్ల జాబితాలో 600 దాటాక నీళ్లు పడినవి ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ చోటు దొరుకుతుంది. మన ఉదాహరణలో దీనితో పనిలేకుండానే నేల గీత అడ్డు నిలుస్తుంది: 700కు మొత్తం ఖర్చు లక్షా 25 వేలు, 800కు లక్షా 55 వేలు, మన హద్దు లక్షా 40 వేలు. కాబట్టి 700 అడుగులు, 35 రాడ్లు, ఆ మీదట ఒక్కటి కూడా కాదు.

ఇదంతా పగలు, బండి రాకముందు, ఇంట్లో అందరి ముందూ రాయాలి. రాత్రి పన్నెండింటికి మనిషి మారిపోతాడు. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో చూపించింది ఇదే: లాభంలో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండే మనిషే నష్టంలో కూరుకున్నప్పుడు, ఆ నష్టాన్ని పూర్తిగా తుడిచేసే అవకాశం కనిపిస్తే తెగబడతాడు. అందుకని కాగితం మీద మూడే వాక్యాలు ఉండాలి. 30 రాడ్లకు తడి కూడా తగలకపోతే ఆపాలి. 30 రాడ్ల లోపల పిండి తడిగా వచ్చినా, సన్నగా ఊట కనిపించినా 35 వరకు పోవచ్చు. 35 తర్వాత ఎవరు ఏమన్నా ఆపాలి. ఆ కాగితం బోరు ఖర్చు పెట్టే మనిషి జేబులో ఉండకూడదు. డబ్బు సంచీతో పాటు ఇంటి ఆడవాళ్ల దగ్గర ఉండాలి. ఏజెంటుకు అడుగుల లెక్కన కమిషను ఉంటుందన్నది గుర్తుంచుకుని, ఆయనకు కూడా 35 అన్న మాట ముందే చెప్పి, ధర ఒప్పందంలో రాయించుకోవాలి. రాళ్లు పెట్టి లెక్కపెట్టడానికి ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టండి. రాడ్ల లెక్క దగ్గర తర్వాత జగడాలు రాకుండా అది కూడా పనికొస్తుంది.

కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరం. బండిని పిలిచే ముందే గ్రామ సచివాలయంలో కనుక్కోవాలి.

పదో మెట్టు: ఆ రాత్రి తర్వాత

నీళ్లు పడితే వెంటనే పెద్ద మోటారు కొనకండి. కొన్ని గంటల పాటు ఆపకుండా తోడించి, నీటిధార సన్నబడుతోందో లేదో చూసి, ఆ తర్వాతే మోటారు శక్తిని, పంట విస్తీర్ణాన్ని నిర్ణయించుకోవాలి. మొదటి రోజు కనిపించిన ధారను నమ్మి రెండెకరాలకు నారు కొన్నవాళ్లు ఒకెకరాన్ని ఎండబెట్టుకోవడం నేను చూశాను.

పడినా పడకపోయినా, నిర్ణయించిన రోజు వేసిన అంకెలనూ వచ్చిన ఫలితాన్నీ ఒకే నోటుపుస్తకంలో పక్కపక్కన రాసి ఉంచండి. 51 శాతం చూసి వేసిన బోరు ఎండిపోతే నిర్ణయం తప్పని కాదు, రెండింటిలో దాదాపు ఒకసారి అలాగే జరగాలి. 19 శాతానికి వేసింది పడితే నిర్ణయం ఒప్పనీ కాదు. ఆ పుస్తకాన్ని మీ ఊళ్లో తర్వాత బోరు వేసేవాడికి చూపించండి, ఐదో మెట్టులో అతనికి ఒక పూట కలిసివస్తుంది.

ఎండు గుంత మిగిలితే, బండి చేను దాటకముందే దాని నోటికి ఇనుప మూత బిగించి, పైన మట్టి కప్పించి, చుట్టూ ముళ్లకంప వేయించండి. కేసింగు పైపు పెరికి ఇంకో చోట వాడుకుందామన్న ఆశతో గుంతను వారం పాటు తెరిచి ఉంచేవాళ్లున్నారు. రాళ్లు లెక్కపెట్టిన పిల్లవాడు మర్నాడు ఆ రాళ్లను గుంతలో వేసి చప్పుడు వినడానికే ముందు అక్కడికి పోతాడు.